ఊరినే మెరక చేసుకున్న గాల్వెస్టన్

అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో ఉండే మనం వేసవి వస్తే పిల్లల్ని తీసుకుని గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్తుంటాం. కారు పార్క్ చేసి, మెట్లు దిగి ఇసుకలోకి పోతాం కదా, ఆ మెట్లున్న గోడ సంగతే ఇవాళ చెబుతాను.

1900 సెప్టెంబర్ 8న అక్కడ ఉప్పెన 15 అడుగులకు పైగా లేచింది. ఊళ్లో అన్నిటికన్నా మెరకైన చోటు కూడా 9 అడుగులు లేదు. తక్కువలో తక్కువ 6 వేల మంది పోయారు, 8 వేలనే లెక్కే ఎక్కువగా వినిపిస్తుంది. శవాలను సముద్రంలో వదిలేస్తే అలలు మళ్లీ ఒడ్డుకే తోశాయి. ఇక చేసేదిలేక చితులు పేర్చి కాల్చారు. సముద్రానికి అడ్డుగోడ అక్కర్లేదని 1891లో పేపర్లో రాసిన వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్ భార్య కూడా ఆ నీళ్లలోనే పోయింది.

1904కల్లా 17 అడుగుల ఎత్తున, మూడు మైళ్లకు పైగా గోడ లేచింది. అది తేలికైన పనే అంటాను. అసలు కష్టం దాని వెనక ఊరిని మెరక చెయ్యడం. రోడ్డు పెరిగి ఇల్లు పల్లంలో పడితే మన తెలుగు ఊళ్లలో జాకీలు పెట్టి లేపిస్తున్నారు చూడండి, వీళ్లు అలా 2 వేలకు పైగా కట్టడాలు లేపారు. 3 వేల టన్నుల సెయింట్ పాట్రిక్స్ చర్చిని కూడా వదల్లేదు! మనుషులే చేత్తో తిప్పే జాకీలు. ఊరి మధ్యలో కాలువ తవ్వి, నీటి అడుగు ఇసుక తోడే డ్రెడ్జర్లతో ఇసుక నీళ్లు తెచ్చి, గొట్టాలతో ఇళ్ల కిందికి వదిలారు. నీళ్లు ఇంకిపోయేవి, ఇసుక మిగిలేది. ఏళ్ల తరబడి జనం చెక్క వంతెనల మీదే నడిచారు. మెరక తోలే ఖర్చు ప్రభుత్వానిది, ఇల్లు లేపుకునే ఖర్చు మాత్రం ఇంటివాళ్లదే. ఉప్పునీటికి చెట్లన్నీ చచ్చిపోతే ఆడవాళ్ల సంఘం ఒకటి మళ్లీ ఓక్‌లు, గన్నేర్లు నాటించింది.

1915లో అంతటి తుఫానే వచ్చినా గోడ వెనక పోయింది కొద్దిమందే. ఓడరేవు వ్యాపారం మాత్రం దక్కలేదు. 1914లో హ్యూస్టన్ దాకా ఓడలు వచ్చే షిప్ ఛానల్ తెరుచుకుని ఓడలు మన హ్యూస్టన్‌కి మళ్లాయి. 2008లో ఐక్ అనే తుఫాను వచ్చినప్పుడు నీళ్లు గోడ లేని వైపు నుంచి, వెనకున్న అఖాతం (బే) లోంచి ఊళ్లోకి వచ్చాయి. అందుకే బే ముఖద్వారానికి పెద్ద గేట్లు పెట్టే ప్రాజెక్టుకు 2022లో అమెరికా కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది.