230 వాట్ల మెషిన్, 46 డిగ్రీల గది

(మహారాష్ట్రలోని బల్లార్షాలో తెలుగువాళ్ల ఉగాది సభలో చేసిన ప్రసంగం పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న అమ్మలకు, వెనక గోడకానుకుని నిలబడ్డ తమ్ముళ్లకు ఉగాది శుభాకాంక్షలు. గుడీ పాడ్వా చేసుకుంటున్న మరాఠీ మిత్రులకు కూడా. పంతులుగారు ఇప్పుడే పంచాంగం చదివి ఆదాయ వ్యయాలు చెప్పి దిగారు. కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్ల మీద, అంటే ఆ చిప్‌ల మీద మాట్లాడమని నన్ను ఎక్కించారు. నేను చెప్పబోయేదీ ఆదాయ వ్యయాలే.

ఈ హాల్లో ఫొటో స్టూడియోల వాళ్లున్నారు, డీటీపీ, జెరాక్స్ షాపుల వాళ్లున్నారు, నాగ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదువుతూ పండక్కి వచ్చిన పిల్లలున్నారు. మీ అందరికీ ఒకటే మాట. డబ్బా విప్పి బిగించినప్పుడు పెద్ద ప్రాసెసర్‌లో ఉండే కరెంటు, వేగం సెట్టింగు మీ పని చూసి పెట్టింది కాదు. వేగం పరీక్షల్లో పోటీ కంపెనీ కంటే నాలుగు పాయింట్లు ఎక్కువ రావాలని పెట్టింది. దాన్ని మీరే దించుకోవాలి.

జర ఓపిక పట్టండి, ఒక్క లెక్క చెప్తాను. చిప్ తినే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గంలో పెరుగుతుంది. వేగం ఒక హద్దు దాటాక, ఇంకాస్త పరిగెత్తించాలంటే వోల్టేజ్ పెంచక తప్పదు. 4.8 గిగాహెర్ట్జ్‌కి 1.10 వోల్టులు చాలే చిప్‌ని 5.5కి తీసుకెళ్లడానికి 1.35 కావలసి వచ్చిందనుకోండి. వేగం పెరిగింది 15 శాతం. వోల్టేజ్ వర్గం ఒకటిన్నర రెట్లు, దాన్ని వేగంతో గుణిస్తే కరెంటు 73 శాతం ఎక్కువ. ఆదాయం 15, వ్యయం 73. వేడెక్కిన కొద్దీ ఊరికే కారిపోయే లీకేజీ ఇందులో కలపలేదు.

ఇది కొత్త జబ్బు కాదు. 2004లో చిప్‌లు చేసే ఇంటెల్ కంపెనీ ప్రెస్కాట్ అనే పెంటియం 4తో గిగాహెర్ట్జ్‌ల వెంట పడి 3.8 దగ్గర 115 వాట్లకు చేరింది. 4 గిగాహెర్ట్జ్ మోడల్ తెస్తామని చెప్పి, అదే ఏడాది అక్టోబరులో మానుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో తక్కువ గిగాహెర్ట్జ్‌తో, 65 వాట్లతో దాన్ని దాటిపోయింది. అందరికీ బుద్ధి వచ్చిందనుకున్నాం. 2022 వచ్చేసరికి మళ్లీ మొదటికే వచ్చారు. ఇంటెల్‌కి పోటీ అయిన ఏఎండీ చేసిన 16 కోర్ల (కోర్ అంటే చిప్ లోపల విడిగా పనిచేసే భాగం) 5950ఎక్స్ గరిష్ఠంగా 142 వాట్లు తీసుకునేది, 7950ఎక్స్‌కి 230 ఇచ్చారు. ఇంటెల్ 13900కె 253.

ఇక్కడ కంపెనీలనే తిట్టి ఊరుకుంటే న్యాయం కాదు. 2024 ఆగస్టులో ఏఎండీ 9700ఎక్స్‌ని 65 వాట్ల చిప్‌గా తెచ్చింది. ఎనిమిది కోర్లు, మామూలు గాలి కూలర్‌తో చల్లగా నడుస్తుంది. సబబైన పనే చేసింది కదా! జనం ఏమన్నారు? రివ్యూ గ్రాఫుల్లో పాతదాని కంటే పట్టీ పొడవు పెరగలేదన్నారు. దాంతో కొద్ది వారాలకే బయాస్ (మెషిన్ ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్‌లో 105 వాట్ల మోడ్ ఇచ్చారు. ఆటల్లో దానివల్ల వచ్చిన తేడా దాదాపు శూన్యం. పొదుపుగా చేసిన వస్తువుని కొనేవాళ్లే గేలిచేసి వాట్లు పెంచమన్నారు. నాగ్‌పూర్ వెళ్లి ‘అన్నిటికంటే పెద్దది ఇవ్వు అన్నా’ అని అడిగేది ఎవరు? మనమే. షాపువాడు ఇవ్వక ఏం చేస్తాడు?

సరే, మన ఊరికి వద్దాం. రివ్యూలు చేసేవాళ్ల గదిలో 21 నుంచి 25 డిగ్రీలుంటుంది. ఇంకో నెల పోతే మన చంద్రపూర్ జిల్లాలో ఎంతుంటుందో మీకు నేను చెప్పాలా? 46. చిప్ మీది కూలర్ మంచిదైనా చెడ్డదైనా గది వేడి మీద ఇన్ని డిగ్రీలని లెక్క. అక్కడ 80 చూపించిన చిప్ ఇక్కడ 100 దాటాలి. దాటదు, దాటనివ్వరు. ఇంటెల్‌లో 100, ఏఎండీ రైజెన్ 7000లో 95 దగ్గర చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే మీరు పైసలు పోసి కొన్న ఆ చివరి పదిహేను శాతం ఎండకాలంలో మీకు దొరకనే దొరకదు. ఫ్యాన్ గోల మాత్రం దొరుకుతుంది.

దీనికి మనవాళ్లు చేసే వైద్యం చూస్తే కడుపు మండుతుంది. క్యాబినెట్ పక్క రేకు పీకేసి టేబుల్ ఫ్యాన్ పెడతారు. ఘుగ్గుస్ నుంచి బల్లార్షా దాకా గాలిలో ఉన్న బొగ్గు దుమ్మంతా చిప్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల్లోకి, మెషిన్‌కి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరుతుంది. గదికి పెట్టే నీళ్ల కూలర్‌ని మెషిన్ మొహాన పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ తేమకి బొగ్గు దుమ్ము తోడైతే బోర్డు మీద పేరుకుని ముద్దగా అంటుకుంటుంది, బ్లోయర్ కొట్టినా వదలదు. కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో పెట్టి తలుపు వేసేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. తరచూ వాటిలో ఒకటి పూర్తిగా దిగదు. బోర్డు వెనక్కి తిప్పి నాలుగూ బయటికి వచ్చాయో లేదో చూడండి. 65 వాట్ల చిప్ కూడా 100 కొడుతుంటే ముందు అనుమానించాల్సింది అదే.

ఇప్పుడు అసలు పని. ఏఎండీ 7000, 9000 వాళ్లు బయాస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌లోకి వెళ్లండి. ఎకో మోడ్ ఉంటే 65 వాట్లు ఎంచుకోండి. లేకపోతే పీపీటీ లిమిట్ (చిప్ తీసుకోగల గరిష్ఠ వాట్లు) మీరే రాయండి, 88 వాట్లు. 65 వాట్ల ఎకో మోడ్ పెట్టే హద్దూ ఇదే. చాలా బోర్డులు దాన్ని మిల్లీవాట్లలో అడుగుతాయి, అక్కడ 88000 రాయాలి. ఉత్త 88 రాస్తే మెషిన్ నత్తలా నడుస్తుంది. 7950ఎక్స్‌ని ఇలా దించితే అన్ని కోర్లూ పనిచేసే రెండరింగ్‌లో (వీడియోని చివరి ఫైలుగా తయారుచేసే పనిలో) సుమారు 80 శాతం వేగం నిలుస్తుంది. ఒక్క లెక్కే అన్నాను, ఇంకొక్కటి. 230 వాట్లతో పది నిమిషాల్లో అయ్యే పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కి 38 వాట్-అవర్లు. 88 వాట్లతో పన్నెండున్నర నిమిషాలు, 18 వాట్-అవర్లు. రెండున్నర నిమిషాలు ఆగితే ఖర్చు సగానికి లోపే.

బిల్లు చూసి ఎగిరి గంతేస్తారని మాత్రం చెప్పను. రోజుకి నాలుగు గంటలు రెండరింగ్ చేసే స్టూడియోకి నెలకు మిగిలేది పది పన్నెండు యూనిట్లు. లాభం వేరే చోట ఉంది. చిన్న గదిలో 140 వాట్ల హీటర్ ఆరిపోయినట్టు లెక్క. ఏసీ ఉన్నవాళ్లకు ఆ వేడిని బయటికి తోసే ఖర్చూ తప్పుతుంది.

ఆ తర్వాత అక్కడే ఉండే కర్వ్ ఆప్టిమైజర్, అంటే వోల్టేజ్ తగ్గించే సెట్టింగు. ఆల్ కోర్, నెగెటివ్, 10తో మొదలుపెట్టండి. రెండు రోజులు వాడి 15, ఆ తర్వాత 20. ఒక్కో అంకెకి 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. పిల్లలూ, ఇక్కడ మీరు మోసపోతారు. సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రామ్ గంటసేపు నడిచింది కాబట్టి గట్టిగా ఉందనుకుంటారు. వోల్టేజ్ తక్కువైన చిప్ చాలాసార్లు బరువు పనిలో పడిపోదు, ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతుంది. అప్పుడే ఒక్క కోర్ పై వేగానికి ఎగురుతుంది కాబట్టి. బ్రౌజర్ తెరిస్తే టక్కున రీస్టార్ట్ అవుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా-లాగర్ 18 అనే ఎర్రర్ కనబడితే ఐదు అంకెలు వెనక్కి రండి.

ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9 ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఇంతమందా! మీరు అన్నిటికంటే ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. వోల్టేజ్ ఎక్కువగా అడిగి అవి లోపల అరిగిపోతున్నాయని 2024లో తేలింది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి మైక్రోకోడ్‌లు (చిప్ లోపలి ప్రోగ్రామ్‌కి సవరణలు) బయాస్ అప్‌డేట్‌లలో వచ్చాయి. అరగకుండా అవి ఆపుతాయి, అరిగింది తిరిగి రాదు. జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు, గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఎర్రర్ వస్తున్నా, మెమరీ సరిపడా ఉన్నా ‘వీడియో మెమరీ చాలలేద’ని ఆటలు ఆగిపోతున్నా చిప్‌ని అనుమానించండి. ఆ చిప్‌ల వారంటీని ఇంటెల్ రెండేళ్లు పొడిగించింది, పారేయకండి. అప్‌డేట్ మాత్రం యూపీఎస్ మీదే చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగదైపోతుంది.

అయ్యాక ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకుని, పీఎల్1, పీఎల్2 చూడండి. మొదటిది ఎంతసేపైనా తీసుకోగల వాట్లు, రెండోది కాసేపు. పేరు చివర ‘కె’ ఉన్న ఐ7, ఐ9 చిప్‌లకు ఇంటెల్ కాగితం మీద రాసింది 125, 253. పాత బయాస్ ఉన్న చాలా బోర్డుల్లో రెండు చోట్లా 4095 ఉంటుంది. అంటే హద్దే లేదని. మన ఎండకి పీఎల్1 125, పీఎల్2 160 చాలు అని నా అభిప్రాయం. ‘కె’ లేని వాటికి పీఎల్1 65. వాటిలో వోల్టేజ్ తగ్గించడానికి చాలా బోర్డులు ఒప్పుకోవు, దానికోసం కొట్టుకోవద్దు.

కంపెనీ మెషిన్లలో బయాస్ తాళం వేసి ఉంటే విండోస్ పవర్ ప్లాన్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 చేస్తారు కొందరు. అవసరానికి వేగం పెంచే టర్బో మొత్తం ఆగిపోతుంది. ఇంటెల్ 12400 లాంటిది 4.4 నుంచి 2.5కి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నాలకు సరే, ఏడాదంతా వద్దు.

డీటీపీ, ఆన్‌లైన్ ఫారాల షాపుల వాళ్లకు ఇదేదీ అక్కర్లేదు. మీ మెషిన్ రోజంతా ఖాళీగానే ఉంటుంది. పెద్ద రైజెన్‌లు చిన్న ముక్కలుగా చేసి అతికినవి, ఊరికే కూర్చున్నా 20, 30 వాట్లు తింటాయి. మీకు ఒకే ముక్కగా వచ్చే ఏఎండీ 8600జి లాంటిదో, ఇంటెల్ 12400 లాంటిదో మేలు.

చివరిగా యూపీఎస్. మన షాపుల్లో ఉన్న 600 వీఏ డబ్బా ఇవ్వగలిగింది సాధారణంగా 360 వాట్లు. 253 వాట్ల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిస్తే అది చాలదు. కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. రెండర్ మధ్యలో కరెంటు పోయినప్పుడే కూత పెట్టి ఆగిపోతుంది, ఫైలు పోతుంది. బ్యాటరీ పాడైందని మార్చేస్తారు, మళ్లీ అదే జరుగుతుంది. పీఎల్2 దించాక ఒకసారి రెండర్ పెట్టి, ప్లగ్ మీరే పీకి చూడండి. అప్పటికీ కూస్తే గ్రాఫిక్స్ కార్డు లిమిట్ కూడా 70 శాతానికి దించండి, లేదా 1000 వీఏ కొనండి.

పక్క గదిలో ఒక మెషిన్ ఆన్ చేసి పెట్టించాను. భోజనాలకు ఇంకా అరగంట ఉందట. చేతులెత్తిన ఐ9 వాళ్లు రండి, ఆ 4095 బయాస్‌లో ఎక్కడుంటుందో చూపిస్తాను.