అయిదు క్లాసుల మధ్య ఒక గ్రాంటు

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో కాలేజీలో పాఠాలు చెబుతున్నానంటే ఊళ్లో మావాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "మీ కాలేజీ ర్యాంకు ఎంత?" అని. మా కాలేజీకి ర్యాంకు లేదు. అది కమ్యూనిటీ కాలేజీ. రెండేళ్ల చదువు, తక్కువ ఫీజు, అడిగినవాళ్లకి దాదాపు అందరికీ సీటు. 1901లో ఇల్లినాయిస్‌లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ వీటిలో పాతది. ఇప్పుడు దేశం మొత్తం మీద వెయ్యికి పైనే ఉన్నాయి. నర్సులు, ఎలక్ట్రీషియన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు ఎక్కువగా ఇక్కడ తయారవుతారు. భర్త ఉద్యోగం వెంట హెచ్-4 వీసా మీద వచ్చి, ఇంట్లో కూర్చోలేక మా దగ్గర అకౌంటింగో కంప్యూటర్ కోర్సో నేర్చుకున్న తెలుగు ఆడపిల్లలు నాకు చాలామందే తెలుసు.

ఈ రోజు వాళ్లకి పాఠం చెప్పేవాళ్ల గురించి, వాళ్లకి దొరికే గ్రాంట్ల గురించి మాట్లాడదామని వచ్చాను.

పెద్ద యూనివర్సిటీలో ప్రొఫెసరు సెమిస్టరుకి ఒకటో రెండో క్లాసులు చెప్పి మిగతా టైము రీసెర్చిలో ఉంటారు. గ్రాంట్లు తేవడం అక్కడ ఉద్యోగంలో భాగం. మాకు సెమిస్టరుకి అయిదు క్లాసులు. పేపర్లు దిద్దడం, పిల్లల కష్టాలు వినడం దానికి అదనం. పైగా కమ్యూనిటీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లలో మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైము వాళ్లే. పొద్దున ఒక కాలేజీలో, సాయంత్రం ఇంకో కాలేజీలో చెబుతూ కారులోనే భోజనం కానిచ్చేవాళ్లు. ఇంతమందిలో గ్రాంటు అడుగుతూ ప్రపోజల్ రాయడానికి కూర్చునేదెవరు?

అందుకే మావాళ్లలో ఒక అపోహ పాతుకుపోయింది, గ్రాంట్లన్నీ పెద్దవాళ్లకే అని. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి మా కోసమే పుట్టిన గ్రాంటు ఒకటుంది. 1992లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి, టెక్నీషియన్ల చదువు బాగుచేసే పని, సైన్స్ రీసెర్చికీ చదువుకీ డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి అప్పగించింది. దాన్నుంచి వచ్చిందే అడ్వాన్స్‌డ్ టెక్నలాజికల్ ఎడ్యుకేషన్. మేం ఏటీఈ అంటాం. రెండేళ్ల కాలేజీలే ముందుండి నడిపించాలన్నది దాని షరతు. ఇంతకుముందు ఈ గ్రాంటు ఎరగని కాలేజీలకి విడిగా ఒక దారి పెట్టారు. 2024 ప్రకటన ప్రకారం ఆ దారిలో మూడేళ్లకి కలిపి 4,75,000 డాలర్ల దాకా అడగొచ్చు. యూనివర్సిటీ లెక్కలో అది చిన్న మొత్తం. మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కి మాత్రం అది పెద్ద పండగే.

నా మొదటి ఏటీఈ ప్రపోజల్ తిరిగొచ్చింది. మిషన్ల జాబితా ఎంత శ్రద్ధగా రాశానో! రివ్యూ చేసినవాళ్లు రాసింది ఒక్కటే: ఈ పని చేసేది ఎవరు? నిజమే కదా. అయిదు క్లాసులు చెప్పే మనిషి ఇవన్నీ ఎప్పుడు చేస్తాడు? మిషన్లు అడిగాను, టైము అడగలేదు. దీన్ని ఇక్కడ రిలీజ్ టైము అంటారు. అంటే మీ అయిదు క్లాసుల్లో ఒకటి రెండు వేరేవాళ్ల చేత చెప్పించి, ఆ జీతం గ్రాంటులోంచి ఇవ్వడం. డబ్బు మిగుల్చుకుందామని దీన్ని తీసేసేవాళ్లు చాలామంది. అది పిసినారితనం కాదు, అమాయకత్వం. రెండోసారి రాసినప్పుడు నేను సెమిస్టరుకి రెండు క్లాసులు తగ్గించమని అడిగాను, ఒక మిషను వదులుకున్నాను. వచ్చింది.

ఈ రెండోసారికి సాయం దొరికిందని కూడా చెప్పాలి. సౌత్ కరొలైనాలో ఫ్లోరెన్స్-డార్లింగ్టన్ టెక్నికల్ కాలేజీ ఉంది. అక్కడి నుంచి నడిచే మెంటర్-కనెక్ట్ అనే ఏర్పాటు, కొత్తవాళ్లకి అనుభవం ఉన్నవాళ్లను జోడించి నెలల తరబడి ప్రపోజల్ రాయిస్తుంది. ఉచితమే, ఖర్చు సైన్స్ ఫౌండేషన్‌దే. నా చేత నా బడ్జెట్ నాకే అర్థమయ్యేలా చదివించారు. అది మామూలు విషయం కాదు.

ఇంకో తికమక ఉంది. దరఖాస్తు మీద మీ పేరున్నా, అడిగేది మీరు కాదు, మీ కాలేజీ. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కాలేజీకి ఉండాలి, పై అధికారి సంతకం ఉండాలి. వచ్చిన దాంట్లోంచి కరెంటుకీ లెక్కలు చూసేవాళ్ల జీతాలకీ కాలేజీ కొంత తీసుకుంటుంది. ప్రభుత్వంతో విడిగా రేటు మాట్లాడుకోని సంస్థలకి ఈ వాటా అంతకుముందు 10 శాతం, 2024 అక్టోబరు నుంచి 15 శాతం దాకా ఉండొచ్చు. అందుకే రాయడం మొదలెట్టక ముందే డీన్ గది తలుపు తట్టాలి. రాశాక తడితే ఆయనకి టెన్షన్, మీకు డబుల్ టెన్షన్.

ఇదంతా పాఠాలు చెప్పేవాళ్లకే అనుకోకండి. మా దగ్గర ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకి ట్యూషనూ సలహా ఇచ్చే విభాగం మొత్తం ట్రయో అనే ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ గ్రాంటు మీద నడుస్తుంది. దాన్ని నడిపేది కౌన్సెలర్లు. పసిపిల్లల తల్లులు క్లాసుకి వచ్చేలా క్యాంపస్‌లో పిల్లల సంరక్షణకి ఇచ్చే గ్రాంటు కూడా ఉంది. లైబ్రేరియన్ల గ్రాంట్లు వేరు.

కాలేజీ ద్వారా కాకుండా ఒంటరిగా అడగగలిగేది ఫుల్‌బ్రైట్, వేరే దేశం వెళ్లి పాఠం చెప్పడానికో రీసెర్చికో అమెరికా ప్రభుత్వం ఇచ్చేది. 1946 నుంచి ఉంది, కమ్యూనిటీ కాలేజీ వాళ్లకీ తలుపు తెరిచే ఉంటుంది. ఇండియాకి వెళ్లే వాటిని ఫుల్‌బ్రైట్-నెహ్రూ అంటారు. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లు హైదరాబాద్ వెళ్లి ఒక సెమిస్టరు పాఠం చెప్పి రావొచ్చు. ఒకటే మెలిక: అమెరికా పౌరసత్వం ఉండాలి, గ్రీన్‌కార్డు చాలదు. మా స్నేహితుడొకడు సగం దరఖాస్తు నింపాక ఈ సంగతి చూసుకున్నాడు.

ఇవేవీ రాతి మీద రాసినవి కావు. 2025 ఏప్రిల్‌లో, చరిత్ర, సాహిత్యం లాంటి వాటికి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ అప్పటికే ఇచ్చిన గ్రాంట్లను వందల సంఖ్యలో రద్దు చేసింది. పని మధ్యలో డబ్బు ఆగిపోయిన వాళ్లున్నారు. అందుకే ఫెడరల్ డబ్బు ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పను. చాలా కాలేజీలకి సొంత ఫౌండేషన్ ఉంటుంది, పూర్వ విద్యార్థులు, ఊరివాళ్లు ఇచ్చిన విరాళాలతో. వాళ్లిచ్చేది కొన్ని వందల డాలర్లో, కొన్ని వేలో. రెండు పేజీల కాగితం చాలు. నాకు ముందు వచ్చింది అదే, 1,500 డాలర్లు. దాంతో ఒక ఆసిలోస్కోప్, అంటే కరెంటు సిగ్నల్‌ని తెర మీద గీతలా చూపించే మిషను, కొన్నాం. సైన్స్ ఫౌండేషన్ ప్రపోజల్‌లో "మాకు గ్రాంటు నడిపిన అనుభవం ఉంది" అని రాసుకోవడానికి ఆ ఒక్క ఆసిలోస్కోపే ఆధారం.

ఏటీఈ గడువు ఏటా అక్టోబరు మొదట్లో వస్తుంది. సెమిస్టరు మంచి ఊపు మీదుండే రోజులవి. మొదటి పరీక్ష పేపర్లు బల్ల మీద కుప్పగా ఉంటాయి. కాబట్టి వేసవి సెలవుల్లోనే మొదలెట్టండి. నేను ఈ మేలో మళ్లీ కూర్చున్నాను, ఈసారి మా ల్యాబ్ టెక్నీషియన్ కూడా పక్కన కూర్చుంది. బడ్జెట్ కాగితం తనే రాస్తోంది.

నమస్కారం.