ఎవరి చేతులారా? జూడీ గార్లండ్ సినిమా చూశాక అక్కా తమ్ముడి మాటలు

అక్క: రికార్డ్ అవుతోందా? సరే. అందరికీ నమస్తే అండీ, ఈ ఎపిసోడ్‌లో హాలీవుడ్ నటి, గాయని జూడీ గార్లండ్ మీద 2019లో వచ్చిన జూడీ సినిమా గురించి మాట్లాడుకుందాం. దీన్ని నేనొక్కదాన్నే రాత్రి ప్రశాంతంగా చూద్దామనుకున్నాను, అమ్మ వచ్చి పక్కన కూర్చుంది, సబ్‌టైటిల్స్ అంత ఫాస్ట్‌గా చదవలేదు కదా, ఆపుతూ చెప్తూ ఆపుతూ చెప్తూ చూశాం, రెండు గంటల సినిమా మూడు గంటలు పట్టింది.

తమ్ముడు: అమ్మకి జూడీ గార్లండ్ తెలుసా అసలు?

అక్క: పేరు కూడా వినలేదు. కానీ ఇరవై నిమిషాలు అవ్వగానే "ఇది మన సావిత్రి కథలా ఉందే" అంది. నీకు గుర్తుందా, 2018లో మహానటి చూసి బయటికొస్తూ అమ్మ ఏమందో?

తమ్ముడు: ఎందుకు గుర్తులేదు, ఏడుస్తూనే "అంత మహానటి, చేతులారా చేసుకుంది" అంది.

అక్క: ఆ మాటే. మనిళ్ళల్లో ఎవరైనా పెద్ద స్టార్ తాగుడుకో మాత్రలకో బలైపోతే వెంటనే వచ్చే మాట అది, చేతులారా చేసుకుంది. ఈ సినిమా చూస్తున్నంతసేపూ నా బుర్రలో అదే తిరిగిందిరా. ఎవరి చేతులారా? అసలు ఆ మాత్ర మొదట ఆ పిల్ల నోట్లో పెట్టింది ఎవరు?

తమ్ముడు: ఆగు అక్కా, తెలియనివాళ్ళ కోసం ఆవిడెవరో చెప్పేద్దాం. జూడీ గార్లండ్ అసలు పేరు ఫ్రాన్సెస్ ఎతెల్ గమ్, 1922లో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో పుట్టింది, రెండున్నరేళ్ళకే స్టేజ్ ఎక్కించారు, అక్కలిద్దరితో కలిసి పాడేది. 1935లో ఎంజీఎం అనే పెద్ద హాలీవుడ్ సినిమా స్టూడియోతో కాంట్రాక్ట్, అప్పుడు పదమూడేళ్ళు. అదే ఏడాది నవంబర్‌లో నాన్న పోయాడు. తర్వాత 1939లో ద విజర్డ్ ఆఫ్ ఆజ్ సినిమా, అందులో ఓవర్ ద రెయిన్‌బో పాట, ఇంక ప్రపంచమంతా తెలిసిపోయింది. ఆ పాటని ప్రివ్యూ తర్వాత తీసేద్దామనుకున్నారంట తెలుసా, సినిమా స్లో అవుతోందని.

అక్క: తీసేసుంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. సరే, జూడీ సినిమా మొదలయ్యేది ఆ ఆజ్ సినిమా సెట్‌లోనే. పసుపు ఇటుకల దారి, ఆ సెట్ మధ్యలో స్టూడియో బాస్ లూయీ బి. మేయర్ ఆ పిల్లతో నడుస్తూ మాట్లాడుతుంటాడు. గొంతు పెంచడు, తిట్టడు, చాలా మెత్తగా చెప్తాడు, ప్రతి ఊళ్ళోనూ నీకంటే అందమైన ఆడపిల్లలున్నారు, నీ దగ్గర ఉన్నది ఆ గొంతు ఒక్కటే, వద్దంటే వెళ్ళిపో, మామూలు అమ్మాయిలా బతుకు అన్న ధోరణిలో. నాకు చెయ్యెత్తి కొట్టే సీన్ కంటే ఇది ఎక్కువ భయమేసింది. పెద్దాయన, నవ్వుతూ, ఎంతో మంచి కోరేవాడిలా ఒక చిన్నపిల్లకి నువ్వు అందంగా లేవు అని నూరిపోయడం. అసలు మేయర్ ఆవిణ్ణి నిజంగానే "నా చిన్న గూనిపిల్ల" అని పిలిచేవాడు, అది సినిమా వాళ్ళు అల్లింది కాదు.

తమ్ముడు: సినిమా మొత్తం అలా రెండు కాలాల్లో నడుస్తుంది కదా. అటు ఎంజీఎంలో చిన్న జూడీగా డార్సీ షా, ఇటు 1968 చివర్లో లండన్, అక్కడ పెద్దయిన జూడీగా రెనే జెల్వెగర్. డైరెక్టర్ రూపర్ట్ గూల్డ్ నాటకాల నుంచి వచ్చినవాడు, కథ కూడా పీటర్ క్విల్టర్ రాసిన నాటకం నుంచే తీసుకున్నారు. అందుకే స్టేజ్ వెనకాల సీన్లు అంత బాగా కుదిరాయి అనిపించింది నాకు, ఆ సన్నటి కారిడార్లు, డ్రెస్సింగ్ రూమ్ అద్దాలు, గోడ అవతల జనం గోల.

అక్క: నేను మాత్రల దగ్గరే ఆగిపోతాను నన్నొదిలెయ్. రోజంతా షూటింగ్, నిద్ర రాకుండా ఒక మాత్ర, మళ్ళీ రాత్రి నిద్ర పట్టదు కదా, పట్టడానికి ఇంకో మాత్ర. ఆకలి చంపేది కూడా ఆ మొదటి మాత్రే. లావైపోతోందని తిండి మీద కాపలా, చికెన్ సూప్, బ్లాక్ కాఫీ, సిగరెట్లు, ఇదీ ఎదిగే పిల్లకి పెట్టిన భోజనం. సినిమాలో ఒక పుట్టినరోజు సీన్ ఉంది, స్విమ్మింగ్ పూల్ పక్కన పార్టీ, కెమెరాలు, కేకు. అసలు పుట్టినరోజు ఇంకా రానేలేదు, పత్రికల కోసం ముందే చేసేస్తున్నారు. కేకు ఎదురుగా ఉంది, తినకూడదు. అమ్మ అప్పుడు "అదేంటే, పుట్టినరోజని పెట్టి పిల్లని ఒక్క ముక్క తిననివ్వరా" అని నిజంగా కోపం తెచ్చుకుంది. ఆ పిల్ల వేసుకున్న బట్టలతోనే పూల్‌లో దూకేస్తుంది, అప్పుడు చూడాలి చుట్టూ పెద్దవాళ్ళ మొహాలు.

తమ్ముడు: నువ్వు ఆ టీవీ డాన్స్ షోకి కాస్ట్యూమ్స్ చేశావు కదా ఒక సీజన్, పిల్లలది.

అక్క: చేశాను. పేరొద్దు ఇక్కడ. ఒకరోజు రాత్రి ఒంటిగంట దాటింది, ఏడెనిమిదేళ్ళ పాప, నేను తన బ్లౌజ్ వెనక హుక్కు ఊడిపోతే సూదితో కుడుతున్నాను, నిలబడే నిద్రపోయింది. తల నా భుజం మీద పడింది, కుట్టడం ఆపేసి అలాగే పట్టుకున్నాను. బయట నుంచి పిలుపొచ్చింది, లేపాను. నేనే లేపానురా. కళ్ళు తెరవగానే ఆ పాప నవ్వింది, కెమెరా కోసం నేర్పిన నవ్వు, ఎదురుగా ఉన్నది నేనే అయినా. ఆ సినిమాలో చిన్న జూడీ నవ్వు చూడగానే నాకు ఆ పాపే గుర్తొచ్చింది. మన దేశంలో ఇప్పుడు చట్టం ప్రకారం పిల్లల్ని రోజుకి 5 గంటలకి మించి నటింపజేయకూడదు, వరసగా 3 గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరు మీద బ్యాంకులో వెయ్యాలి. ఆ రోజు నాకు ఈ సంగతి తెలిసుంటే గట్టిగా అడిగేదాన్ని.

తమ్ముడు: ఊఁ.

అక్క: సరే లండన్ చెప్పు నువ్వు.

తమ్ముడు: లండన్ అంటే, అప్పటికి ఆవిడ దగ్గర డబ్బుల్లేవు, ఇల్లు లేదు, ట్యాక్స్ బాకీలు పీకల దాకా. కోట్లు సంపాదించి పెట్టిన మనిషి, వ్యవహారాలు చూసినవాళ్ళు ముంచేశారు, పెళ్ళిళ్ళు నిలవలేదు. సినిమాలో పిల్లలిద్దర్నీ వెంటేసుకుని రాత్రిపూట హోటల్‌కి వెళ్తే బిల్లు కట్టలేదని రూమ్ ఖాళీ చేయించేసి ఉంటారు. పిల్లల్ని వాళ్ళ నాన్న సిడ్ లఫ్ట్ దగ్గర వదిలి, డబ్బు కోసం లండన్ లెస్టర్ స్క్వేర్‌లో టాక్ ఆఫ్ ది టౌన్ అనే క్లబ్బులో పాడటానికి వెళ్తుంది, ఐదు వారాలు, 1968 డిసెంబర్ 30న మొదలు. పిల్లల్ని దగ్గర ఉంచుకోవడం కోసం పిల్లల్ని వదిలి వెళ్ళాలి, కథ మొత్తం ఆ ముడి మీదే ఉంది.

అక్క: మొదటి రోజు షో ఉంది కదా, బాత్రూంలో తలుపేసుకుని కూర్చుంటుంది. రోజలిన్ వైల్డర్ అని ఆవిణ్ణి చూసుకోవడానికి క్లబ్బు వాళ్ళు పెట్టిన అమ్మాయి, నిజంగా ఉన్న మనిషే, సినిమా తీసేటప్పుడు వాళ్ళకి సాయం కూడా చేసిందట. జెస్సీ బక్లీ వేసింది ఆ పాత్ర. ఆ అమ్మాయి వచ్చి మేకప్ వేసి డ్రెస్ తొడిగి దాదాపు తోసినట్టే స్టేజ్ మీదకి పంపుతుంది. ఇక్కడ మొదటిసారి నాకు గుండె ఝల్లుమంది, ఎందుకంటే రోజలిన్ మంచిదే, కానీ ఆవిడ చేసే పని కూడా ఎంజీఎం వాళ్ళు చేసిన పనే, ఎలాగోలా లేపి లైట్ల ముందు నిలబెట్టడం. నేను ఆ పాపని లేపినట్టు.

తమ్ముడు: తర్వాత పాట మొదలవుతుంది చూడు, బై మైసెల్ఫ్. మొదటి లైన్లు వణుకుతూ, తడుముకుంటూ, ఎక్కడ ఆగిపోతుందో అని మనం ఊపిరి బిగబట్టుకుంటాం, కెమెరా వదలదు, నెమ్మదిగా ఆ గొంతు లేస్తుంది, భుజాలు లేస్తాయి, మైకు తీగ చేతికి చుట్టుకుంటుంది, ఇంక అంతే. పాటలన్నీ జెల్వెగరే సొంతంగా పాడింది. జూడీ గొంతుతో పోలిస్తే చిన్నదే, అది ఒప్పుకోవాలి, 1961లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో జూడీ చేసిన కచేరీ రికార్డింగ్ విన్నవాళ్ళకి ఆ తేడా తెలిసిపోతుంది. కానీ అనుకరణ చెయ్యలేదు, అలిసిపోయిన మనిషి పాడితే ఎలా ఉంటుందో అలా పాడింది. 2020లో ఆస్కార్ ఇచ్చారు.

అక్క: ఆస్కార్ అంటే గుర్తొచ్చింది, ఇది సినిమాలో లేదు, ఉండాల్సింది అనిపించింది. 1955లో ఎ స్టార్ ఈజ్ బోర్న్ సినిమాకి జూడీకి వస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ అప్పుడే కొడుకుని కని హాస్పిటల్లో ఉంది. టీవీ వాళ్ళు హాస్పిటల్ రూమ్‌లోకే వైర్లు లాగి కెమెరాలు పెట్టారు, గెలిచిందని చెప్పగానే మంచం మీద నుంచే మాట్లాడించాలని. ఇంకో నటి గ్రేస్ కెల్లీ పేరు చదివారు. వాళ్ళు వైర్లు చుట్టేసుకుని వెళ్ళిపోయారు. పచ్చి బాలింతరా. ఆ రూమ్ ఒక్కసారి ఊహించుకో, లైట్లన్నీ ఆరిపోయి.

తమ్ముడు: నాకు ఈ సినిమాలో కొంచెం ఒప్పుకోలేనిది ఆ ఇద్దరు అభిమానుల కథ. డాన్, స్టాన్. షో అయిపోయాక స్టేజ్ డోర్ దగ్గర ఎదురుచూస్తారు, ఆవిడ వాళ్ళింటికే భోజనానికి వెళ్తుంది, ఆమ్లెట్ చెడిపోతుంది, అర్ధరాత్రి పియానో... మరీ తియ్యగా అనిపించింది.

అక్క: నాకు అది చాలా నచ్చింది, ఒప్పుకోను. ఇంగ్లండ్‌లో 1967 దాకా ఇద్దరు మగవాళ్ళ మధ్య శారీరక సంబంధం నేరం, బయటపడితే జైలే, వాళ్ళలో ఒకతను జైలుకెళ్ళి వచ్చాడు కూడా. అలా దాక్కుని బతికినవాళ్ళకి ఆవిడ పాట ఏమయ్యిందో ఒక్క మాటలో చెప్పకుండా ఆ వంటింట్లో చూపించారు. పైగా సినిమా మొత్తంలో ఆవిణ్ణి ఏమీ అడక్కుండా అన్నం పెట్టింది వాళ్ళిద్దరే. అది గమనించావా?

తమ్ముడు: ...లేదు. అది నిజమే.

అక్క: చివర్లో ఉద్యోగం పోయాక రోజలిన్, బ్యాండ్ అతను కలిసి కేకు తెప్పిస్తారు. జూడీ దాన్ని చూస్తూ కూర్చుంటుంది, ఫోర్కుతో చిన్న ముక్క తీస్తుంది, ఇటూ అటూ చూసి నోట్లో పెట్టుకుంటుంది. బాగుంది అంటుంది. నలభై ఆరేళ్ళ మనిషి కేకు తినడానికి భయపడుతోందిరా. అమ్మ అక్కడ ఏడ్చేసింది, ఫోన్ బూత్ సీన్‌లో కూడా ఏడవలేదు, ఆ కూతురు నాన్న దగ్గరే ఉంటాం అమ్మా అన్నప్పుడు కూడా.

తమ్ముడు: ఫోన్ బూత్ నాకు తగిలింది. కూతురు చెప్పడానికి మొహమాటపడుతుంటే తనే అర్థం చేసుకుని, పర్లేదులే అని ఆ పిల్లకి ధైర్యం చెప్తుంది. కూతురు లోర్నాగా వేసిన బెల్లా రామ్జీ భలే చేసింది. అయితే ఇక్కడ ఒక మాట చెప్పాలి, పెద్దకూతురు లైజా మినెల్లీ ఈ సినిమాకి తన ఆమోదం లేదని అప్పట్లోనే బయటికి చెప్పేసింది. వాళ్ళమ్మ కథ, ఆ మాట మనం మర్చిపోకూడదు.

అక్క: అవును, అది గౌరవించాలి. ఇంకోటి, సినిమా అక్కడే ముగుస్తుంది కాబట్టి లండన్ షోనే ఆఖరిది అనుకుంటారు, కాదు. 1969 మార్చిలో మిక్కీ డీన్స్‌తో ఐదో పెళ్ళి, అదే నెలలో కోపెన్‌హాగన్‌లో ఆఖరి కచేరీ. జూన్ 22న లండన్‌లో ఇంట్లో, బాత్రూంలో చనిపోయి కనిపించింది. నిద్ర మాత్రలు ఎక్కువయ్యాయి, కావాలని చేసుకున్నది కాదనే కరోనర్, అంటే అలాంటి చావుల మీద విచారణ చేసే అధికారి, తేల్చాడు. నలభై ఏడేళ్ళు. పుట్టినరోజయ్యి పన్నెండు రోజులే.

తమ్ముడు: మరి అమ్మ ఏమంది చివరికి? మళ్ళీ చేతులారా అందా?

అక్క: అనలేదు. టీవీ ఆపేశాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది, "ఆ పిల్ల తల్లి ఏమైందే? ఆవిడ సంగతి చెప్పనేలేదు" అని. నేను నోరెళ్ళబెట్టాను, ఎందుకంటే సినిమాకి నిజంగా లోటు అదే. మొత్తం పాపం మేయర్ మీద పెట్టేశారు, తల్లి ఎతెల్ గమ్‌ని పక్కకి తప్పించేశారు. జూడీ తన తల్లినే ఆజ్ కథలోని దుష్ట మంత్రగత్తెతో పోల్చింది. స్టూడియోకి రాకముందే, స్టేజ్ మీద హుషారుగా ఉండాలని పిల్లలకి ఆ మాత్రలు తల్లే ఇచ్చిందని జీవితచరిత్రల్లో ఉంది. అదే చెప్పాను అమ్మకి. నమ్మలేదు ముందు. తర్వాత "మరి ఆవిడేమైంది?" అంది. 1953లో పోయింది, విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసేది, ఆ పార్కింగ్ స్థలంలోనే పడిపోయి చనిపోయింది, అప్పటికి తల్లీ కూతుళ్ళకి మాటల్లేవు అని చెప్పాను.

తమ్ముడు: అప్పుడు?

అక్క: "అయ్యో, ఆవిడక్కూడా ఎవరూ లేరా" అని లేచి వెళ్ళింది. వంటింట్లో పాలు తోడు పెడుతూ, ఆ ఇంద్రధనుస్సు పాట ఒకసారి పెట్టవే, అసలావిడ పాడింది, అని కేకేసింది. పెట్టాను. ఆ పాట అయ్యేదాకా వంటింట్లో గిన్నె చప్పుడు కూడా వినపడలేదు.