డేవ్ మెకాయ్: ఆటగాళ్ళు వద్దన్నా వచ్చి టైటిల్ గెలిపించిన మేనేజర్

[తెర మీద: 1973 అక్టోబర్, డెర్బీ]

నమస్తే అండి.

ఇంగ్లండ్ మధ్యలో డెర్బీ అని ఒక ఊరుంది. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ పేరు డెర్బీ కౌంటీ. 1972లో ఆ క్లబ్ తన చరిత్రలో మొదటిసారి ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్ అయింది. టీమ్‌ని అక్కడిదాకా తెచ్చిన మేనేజర్ బ్రయాన్ క్లఫ్. ఏడాదిన్నర తిరగకుండానే క్లబ్ పెద్దలతో గొడవ ముదిరి క్లఫ్, ఆయన అసిస్టెంట్ పీటర్ టేలర్ ఇద్దరూ రాజీనామా ఇచ్చేశారు. ఊళ్ళో అభిమానులు రోడ్డెక్కారు. ఆటగాళ్ళు కూడా క్లఫ్‌నే వెనక్కి పిలవాలని పట్టుబట్టారు, సమ్మె మాట కూడా వచ్చింది.

ఆ టెన్షన్ మధ్యలో, ఆటగాళ్ళే వద్దంటున్న కుర్చీలో వచ్చి కూర్చున్న మనిషి డేవ్ మెకాయ్.

బ్రిటన్‌లో పాత ఫుట్‌బాల్ తెలిసిన వాళ్ళకి ఈ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆయన ట్యాకిల్, అంటే ఎదుటివాడి కాళ్ళ దగ్గర నుంచి బంతి లాక్కునే తీరు. మెకాయ్ ఎదురొస్తున్నాడంటే బంతి ఆయనకి వదిలేసి పక్కకి తప్పుకోవడమే మేలనుకున్న వాళ్ళున్నారు. తను ఎదుర్కొన్న వాళ్ళందరిలోకీ గట్టివాడు, అంతకంటే ధైర్యవంతుడు మెకాయేనని మాంచెస్టర్ యునైటెడ్ స్టార్ జార్జ్ బెస్ట్ అంతటివాడు చెప్పాడు. అదంతా నిజమే. కానీ ఆయన కథని ట్యాకిల్ దగ్గరే ఆపేస్తే చాలా అన్యాయం చేసినట్టని నా అభిప్రాయం. ఆయన జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని డెర్బీలో మేనేజర్‌గా చేసింది. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

[తెర మీద: ఎడిన్‌బరా, హార్ట్స్ క్లబ్]

మెకాయ్ 1934 నవంబర్ 14న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ ఆ ఊరి క్లబ్ హార్ట్స్ అంటే ప్రాణం. ఆ హార్ట్స్‌కే ఆడాడు, దానికే కెప్టెన్ అయ్యాడు. ఆయన ఆడిన స్థానాన్ని లెఫ్ట్ హాఫ్ అనేవాళ్ళు. ఇప్పుడు ఆ పేరు వినపడదు కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవాళ్ళు. వాళ్ళకీ వెనక ఫుల్ బ్యాక్‌లకీ మధ్య ఉండేవాళ్ళు హాఫ్ బ్యాక్‌లు. ఎదుటి జట్టు నుంచి బంతి లాక్కోవాలి, లాక్కున్నాక తన జట్టు దాడిని మొదలుపెట్టాలి. సగం డిఫెండర్, సగం మిడ్‌ఫీల్డర్ అనుకోండి. మెకాయ్‌కి రెండు సగాలూ పూర్తిగా వచ్చు.

1956లో హార్ట్స్ స్కాటిష్ కప్ గెలిచింది. 1957-58లో లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో హార్ట్స్ 34 మ్యాచ్‌ల్లో 132 గోల్స్ కొట్టి, 29 మాత్రమే ఇచ్చింది. మ్యాచ్‌కి దాదాపు నాలుగు గోల్స్! ఆ టీమ్ కెప్టెన్‌కి అప్పటికి 23 ఏళ్ళు.

1959 మార్చిలో లండన్ క్లబ్ టాటన్‌హామ్ మేనేజర్ బిల్ నికల్సన్ 32,000 పౌండ్లు ఇచ్చి ఆయన్ని తీసుకెళ్ళాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1960-61లో టాటన్‌హామ్ లీగూ, ఇంగ్లండ్ నాకౌట్ టోర్నమెంట్ అయిన ఎఫ్ఏ కప్పూ ఒకే సీజన్‌లో గెలిచింది. ఇరవయ్యో శతాబ్దంలో అంతకు ముందు ఇంగ్లండ్‌లో ఎవరికీ సాధ్యం కాలేదు. అంతకు ముందు ఆ ఘనత సాధించింది 1897లో ఆస్టన్ విల్లా. టాటన్‌హామ్ ఆ సీజన్‌లో మొదటి 11 మ్యాచ్‌లూ వరసగా గెలిచింది. కెప్టెన్ డానీ బ్లాంచ్‌ఫ్లవర్ ఆలోచన, జాన్ వైట్ పాసులు, మెకాయ్ పట్టుదల. ఈ ముగ్గురినీ తీసేస్తే ఆ టీమ్ లేదు.

ఇక్కడ ఒక్క మాట. మెకాయ్ అంటే కాళ్ళు విరగ్గొట్టే మొరటు ఆటగాడని అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఇది వింటే బాధేస్తుంది. మ్యాచ్ మొదలయ్యే ముందు మైదానంలోకి వస్తూనే బంతిని ఆకాశంలోకి తన్ని, అది కిందకి పడుతుంటే పాదం మీద చప్పుడు లేకుండా ఆపేవాడు. ఎదుటి టీమ్ చూస్తుండగానే. ఒక డిఫెన్సివ్ ఆటగాడు టాటన్‌హామ్‌కి 50కి పైగా గోల్స్ కొట్టాడంటే ఆయన కాళ్ళలో ఎంత నేర్పు ఉందో ఊహించండి.

[తెర మీద: 1963 డిసెంబర్ 10, ఓల్డ్ ట్రాఫర్డ్]

ఇక విరిగిన కాలు సంగతి. విరిగింది ఆయనదే.

యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ మ్యాచ్. మాంచెస్టర్ యునైటెడ్ మైదానం. ఆట మొదలైన కాసేపటికే నోయెల్ కాంట్‌వెల్‌తో ఢీకొన్నప్పుడు మెకాయ్ ఎడమ కాలు విరిగింది. ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్‌లు లేరు. ఒక ఆటగాడు పోతే మిగతా పదిమందే చివరిదాకా ఆడాలి. టాటన్‌హామ్ 4-1తో ఓడి టోర్నమెంట్ నుంచి బయటికొచ్చింది.

తొమ్మిది నెలలు కష్టపడి కోలుకుని, 1964 సెప్టెంబర్‌లో రిజర్వ్ టీమ్ తరఫున మ్యాచ్‌కి దిగాడు. అదే కాలు మళ్ళీ విరిగింది. అప్పటికి ముప్ఫై ఏళ్ళకి దగ్గర పడ్డాడు. ఆ వేసవిలోనే ఆయన స్నేహితుడు జాన్ వైట్ గోల్ఫ్ ఆడుతుండగా పిడుగు పడి చనిపోయాడు. బ్లాంచ్‌ఫ్లవర్ మోకాలి గాయంతో ఆట మానేశాడు. ఆ గొప్ప టీమ్ కళ్ళ ముందే చెదిరిపోయింది. అలాంటప్పుడు ఎవరైనా ఇక చాలనుకుంటారు. మెకాయ్ 1965-66లో తిరిగొచ్చి, 1967లో చెల్సీ మీద 2-1తో గెలిచి కెప్టెన్‌గా ఎఫ్ఏ కప్ ఎత్తాడు.

ఈ మధ్యలోనే, 1966 ఆగస్టులో, ఆ ఫోటో తీశారు. లీడ్స్ ఆటగాడు బిల్లీ బ్రెమ్నర్ చొక్కా ముందు భాగం మెకాయ్ పిడికిట్లో ఉంటుంది. మెకాయ్ ముఖం మండిపోతుంటుంది. బ్రెమ్నర్ నేనేం చేశానన్నట్టు చేతులు చాపి నిలబడతాడు. మాంటీ ఫ్రెస్కో తీసిన ఈ ఫోటో బ్రిటిష్ క్రీడా ఫోటోల్లో అన్నిటికన్నా పేరున్న వాటిలో ఒకటి. కానీ మెకాయ్‌కి అది అస్సలు నచ్చేది కాదు. అందులో తను బలహీనుడి మీద పడ్డ రౌడీలా కనిపిస్తున్నాననేవాడు. అసలు జరిగింది ఏంటంటే, రెండుసార్లు విరిగిన ఆ కాలునే బ్రెమ్నర్ తన్నాడు. ఈ విషయం తెలిశాక ఆ ఫోటో వేరేలా కనిపిస్తుంది. నాకైతే అందులో కోపం కంటే భయమే ఎక్కువ కనిపిస్తుంది. మూడోసారి విరిగితే ఏంటి పరిస్థితి అనే భయం.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఎల్లో కార్డ్, రెడ్ కార్డ్ అనేవి 1970 ప్రపంచ కప్‌తో మొదలయ్యాయి, ఇంగ్లండ్ లీగ్‌లోకి 1976లో వచ్చాయి. మెకాయ్ ఆడిన కాలంలో రిఫరీలు చూసీ చూడనట్టు వదిలేసిన ట్యాకిల్స్‌కి ఇప్పుడైతే ఆటగాణ్ణి బయటికి పంపేస్తారు. అందరూ అలాగే ఆడేవాళ్ళు, తన్నులు తినేవాళ్ళు కూడా.

[తెర మీద: 1968, డెర్బీ]

1968లో ఆయనకి 33 ఏళ్ళు. సొంత క్లబ్ హార్ట్స్‌కి వెళ్ళిపోదామనుకుంటున్నాడు. అప్పుడు బ్రయాన్ క్లఫ్ లండన్ వచ్చాడు. డెర్బీ అప్పటికి రెండో డివిజన్‌లో, అంటే లీగ్‌లో పై నుంచి రెండో అంచెలో, 18వ స్థానంలో ఉన్న టీమ్. మెకాయ్‌ని అక్కడికి రమ్మనడమే సాహసం. క్లఫ్ ఒప్పించాడు, 5,000 పౌండ్లకి తీసుకెళ్ళాడు. ఆయన స్థానం కూడా మార్చేశాడు. నువ్వు మైదానమంతా పరిగెత్తనక్కర్లేదు, వెనక డిఫెన్స్‌లో ఉండి కుర్రాళ్ళని నడిపించు అన్నాడు. అంటే స్వీపర్. పక్కన 20 ఏళ్ళ రాయ్ మెక్‌ఫార్లండ్.

మొదటి సీజన్‌లోనే డెర్బీ రెండో డివిజన్ ఛాంపియన్. ఆ ఏడాది ఫుట్‌బాల్ రచయితల సంఘం ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు మాంచెస్టర్ సిటీ ఆటగాడు టోనీ బుక్‌కీ మెకాయ్‌కీ కలిపి ఇచ్చారు. 1970-71లో, 36 ఏళ్ళ వయసులో, డెర్బీ ఆడిన 42 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ వదలకుండా ఆడాడు. తర్వాత స్విండన్‌కి ఆటగాడు-మేనేజర్‌గా, అక్కడి నుంచి నాటింగమ్ ఫారెస్ట్‌కి మేనేజర్‌గా వెళ్ళాడు.

ఇప్పుడు మళ్ళీ 1973 అక్టోబర్‌కి వద్దాం.

డెర్బీ ఆటగాళ్ళలో చాలామంది మెకాయ్ కెప్టెన్సీలో ఆడినవాళ్ళే. మెక్‌ఫార్లండ్, కెవిన్ హెక్టర్, జాన్ మెక్‌గవర్న్, అందరూ ఆయన్ని గౌరవించేవాళ్ళే. అయినా వాళ్ళకి క్లఫ్ కావాలి. అక్కడే ఉంది ఇబ్బంది. బయటివాడైతే మొండికేయొచ్చు. ఎదురుగా నిలబడింది తమ పాత కెప్టెన్. మెకాయ్ వాళ్ళని బతిమాలలేదు, వాళ్ళ మీద పగ పట్టలేదు. పని మొదలుపెట్టాడు. ఆ సీజన్‌లో డెర్బీ మూడో స్థానంలో నిలిచింది.

ఆ తర్వాతి ఏడాది ఏం జరిగిందో చూడండి. 1974 వేసవిలో క్లఫ్ లీడ్స్‌కి మేనేజర్ అయ్యాడు. అక్కడా ఇదే పరిస్థితి. పాత మేనేజర్ డాన్ రెవీ అంటే ప్రాణమిచ్చే ఆటగాళ్ళు, కొత్త మనిషిని చూసి ముఖం తిప్పుకున్న డ్రెస్సింగ్ రూమ్. క్లఫ్ 44 రోజులే ఉన్నాడు. ఆయన మేధావి, అందులో నాకు సందేహం లేదు, తర్వాత ఫారెస్ట్‌తో రెండుసార్లు యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) గెలిచాడు. కానీ ఈ ఒక్క పరీక్షలో ఆయన ఓడిపోయాడు, మెకాయ్ నెగ్గాడు. నాకు అర్థమైనంతలో కారణం ఇదీ: క్లఫ్ లీడ్స్‌లో పాతదాన్ని తుడిచేయాలని చూశాడు. మెకాయ్ డెర్బీలో పాత టీమ్‌ని అలాగే ఉంచి, దానికి కావలసింది కలిపాడు.

ఆ కలిపింది కూడా డిఫెన్స్ కాదు. ఆస్టన్ విల్లా నుంచి మిడ్‌ఫీల్డర్ బ్రూస్ రియాక్‌ని తెచ్చాడు, మాంచెస్టర్ సిటీ నుంచి ఫార్వర్డ్ ఫ్రాన్సిస్ లీని తెచ్చాడు. మెకాయ్ డెర్బీ దాడి చేసి ఆడే టీమ్. బంతి లాక్కోవడంలో పేరు తెచ్చుకున్న మనిషి మేనేజర్‌గా గోల్స్ కొట్టే టీమ్‌ని తయారుచేశాడంటే నాకు ఆశ్చర్యం లేదు. హార్ట్స్‌లో, టాటన్‌హామ్‌లో ఆయన పెరిగిందే అలాంటి ఆటలో.

1974-75 సీజన్ మొదలవకముందే పెద్ద దెబ్బ. కెప్టెన్ మెక్‌ఫార్లండ్ ఇంగ్లండ్ తరఫున ఆడుతూ మడమ నరం తెంచుకున్నాడు. సీజన్‌లో ఎక్కువ భాగం లేడు. ఆ స్థానంలో మెకాయ్ నిలబెట్టింది పీటర్ డానియల్‌ని. ఏళ్ళ తరబడి రిజర్వ్‌ల్లో మగ్గిన ఆటగాడు. ఆ సీజన్ చివర్లో డెర్బీ అభిమానులు ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నది ఈ డానియల్‌నే! రియాక్ మిడ్‌ఫీల్డ్ నుంచి 15 లీగ్ గోల్స్ కొట్టాడు. మార్చిలో లూటన్‌ని 5-0తో ఓడించినప్పుడు ఐదూ రోజర్ డేవిస్ ఒక్కడే కొట్టాడు. డెర్బీ మైదానం బేస్‌బాల్ గ్రౌండ్ అప్పట్లో బురదకి పేరు. చలికాలం మ్యాచ్‌ల్లో బంతి కదలడమే కష్టమయ్యేది. ఆ బురదలో ఆడుతూనే డెర్బీ 53 పాయింట్లతో ఛాంపియన్ అయింది. లివర్‌పూల్‌కీ ఇప్స్‌విచ్‌కీ 51 చొప్పున వచ్చాయి. అప్పుడు గెలుపుకి రెండు పాయింట్లే.

1975 అక్టోబర్‌లో యూరోపియన్ కప్‌లో రియల్ మాడ్రిడ్ డెర్బీ వచ్చింది. చార్లీ జార్జ్ హ్యాట్రిక్‌తో డెర్బీ 4-1తో గెలిచింది. మాడ్రిడ్‌లో తిరుగు మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్ళి 5-1తో పోయింది; రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారు కాబట్టి డెర్బీ టోర్నమెంట్ నుంచి బయటికొచ్చింది. ఆ సీజన్‌లో లీగ్‌లో నాలుగో స్థానం, ఎఫ్ఏ కప్‌లో సెమీఫైనల్. ఆ తర్వాతి సీజన్ బాగా మొదలవలేదు. 1976 నవంబర్‌లో, టైటిల్ గెలిచి రెండేళ్ళు కూడా నిండకుండానే, క్లబ్ ఆయన్ని పంపించేసింది. అది తొందరపాటు. డెర్బీ ఇప్పటిదాకా మళ్ళీ ఇంగ్లండ్ ఛాంపియన్ కాలేదు.

[తెర మీద: కువైట్, కైరో]

తర్వాత కొంతకాలం ఇంగ్లండ్‌లోనే వాల్సాల్ క్లబ్. అక్కడి నుంచి కువైట్. మన కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది పనికి వెళ్ళే ఆ కువైట్‌లోనే మెకాయ్ చాలా ఏళ్ళు అల్ అరబీ క్లబ్‌ని నడిపి లీగ్ టైటిళ్ళు గెలిపించాడు. తిరిగొచ్చి డాంకాస్టర్, బర్మింగమ్ క్లబ్‌లు చూశాడు. 1990ల మొదట్లో ఈజిప్ట్ వెళ్ళి కైరో క్లబ్ జమాలెక్‌కి లీగ్ గెలిపించాడు. ఇంగ్లండ్‌లో ఆయన మీద వచ్చే వ్యాసాల్లో ఈ భాగానికి ఒక వాక్యం దక్కితే గొప్ప. భాష తెలియని దేశాల్లో, ట్యాకిల్ పేరు పనికిరాని చోట గెలిచిన టైటిళ్ళివి. మేనేజర్‌గా ఆయన్ని తూచేటప్పుడు వీటిని పక్కన పెట్టకూడదు.

2002లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు మొదటి జాబితాలోనే ఆయన పేరుంది. 2015 మార్చి 2న, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

మీకు వీలైతే 1974 డిసెంబర్‌లో మాంచెస్టర్ సిటీ మీద ఫ్రాన్సిస్ లీ కొట్టిన గోల్ వెతికి చూడండి. తనని అమ్మేసిన క్లబ్ మైదానంలోనే కొట్టాడు, డెర్బీ 2-1తో గెలిచింది. ఎడమ వైపు నుంచి లోపలికొచ్చి కొట్టిన షాట్, ఆ తర్వాత ఆయన నవ్వు. చూశాక కామెంట్‌లో చెప్పండి: క్లఫ్ గెలిచిన 1972 టైటిల్ గొప్పదా, మెకాయ్ గెలిచిన 1975 టైటిల్ గొప్పదా? నా ఓటు మెకాయ్‌కే.