మొహం తియ్యి బాబూ

వ్యాఖ్యాత: నమస్కారమండీ. రాజమహేంద్రవరం స్టూడియోలో ఈ రోజు సునీల్ జానా గురించి మాట్లాడుకుందాం. 1943 బెంగాల్ కరువు అనగానే కళ్లముందు మెదిలే ఫొటోలు ఆయనవే. మాస్టారూ, మీతో మొదలుపెడదాం.

చరిత్ర అధ్యాపకుడు: అప్పటికి కలకత్తాలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న కుర్రాడండి. కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి. జోషి పిలిస్తే పుస్తకాలు పక్కనబెట్టి కరువు ఊళ్లకు వెళ్లాడు. 30 లక్షలమంది దాకా పోయారని అంచనా. ఆ ఫొటోలు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో అచ్చయ్యాయి. అంతకుముందు కరువు ఫొటోలు లేవని కాదు. 1876–78 నాటి మన ధాత కరువులో హూపర్ అనే సైనికాధికారి, డొక్కలెండిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీశాడు. అవి చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. సాయం చెయ్యకుండా ఫొటోలు తీసుకున్నాడని అప్పట్లోనే దుమ్మెత్తిపోశారు.

జానపద పరిశోధకురాలు: జానా మాత్రం? పార్టీ కోసం తీసినవేగా!

అధ్యాపకుడు: కాదనను. కానీ 1948లో జోషి పదవి పోయాక ఈయనా పార్టీకి దూరమయ్యాడు. కెమెరా వదల్లేదు. ఆదివాసీల జీవితాన్ని అధ్యయనం చేసిన వెరియర్ ఎల్విన్‌తో కలిసి ఆదివాసీ ఊళ్లు తిరిగాడు. అక్కడి ఆడవాళ్లు ఆ ఫొటోల్లో తలెత్తుకుని ఉంటారు. నాకు కరువు ఫొటోలకన్నా అవే ఎక్కువ.

వ్యాఖ్యాత: మీరేమంటారు? మీది కోనసీమే కదా?

ఫొటోగ్రాఫర్: ఆయ్. 1996 నవంబరు తుఫాను తర్వాత నేనూ హూపర్‌లాగే తీశానండి. బియ్యం కోసం వరసలో నిల్చున్నవాళ్లని. ఒక్కరినీ పేరడగలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

పరిశోధకురాలు: తర్వాత?

ఫొటోగ్రాఫర్: చాలా ఏళ్లకి అల్లవరం దగ్గర కొబ్బరిపీచుతో తాడు పేనే ఒక మామ్మగారి చేతులు తీస్తున్నాను. వేళ్లసందుల్లో పీచు కోసిన గీతలు, బొటనవేలి గోరు సగానికి అరిగిపోయి ఉంది. ఆవిడ రాట్నం ఆపేసి, ‘నా చేతులెవరిక్కావాలి బాబూ, మొహం తియ్యి. మనవరాలికి పంపాలి’ అంది. లోపలికెళ్లి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకొచ్చింది.

వ్యాఖ్యాత: తీశారా?

ఫొటోగ్రాఫర్: తియ్యకపోవడమేంటండీ! రెండు కాపీలు కడిగించి పట్టుకెళ్లాను. ఒకటి మనవరాలికి, ఒకటి గోడకి. తుఫానులో పాతవన్నీ కొట్టుకుపోయాయట, ఆ గోడమీద ఇంకో ఫొటో లేదు.