ఆ ఊడిపోయిన చెప్పు సంగతి

అందరికీ నమస్కారం. కతోలిక పటాల్లో ఉండే గుర్తుల గురించి చెప్పమన్నారు. కలువపువ్వు, తాళంచెవులు, గొర్రెపిల్ల అంటూ వరసగా చదువుకుంటూ పోతే మీకు నిద్రొస్తుంది, అందుకని ఒక్క పటమే తీసుకుంటాను: నిత్యసహాయ మాత, అంటే బాలయేసును ఎత్తుకున్న మరియమ్మ. మనలో చాలామంది ఇళ్లలో గోడ మీద ఉండేదే, బుధవారం నవదిన ప్రార్థనల్లో ఎదురుగా కనిపించేదే.

అసలు పటం రోమ్‌లో, వియా మెరులానా వీధిలోని పునీత అల్ఫోన్సు దేవాలయంలో ఉంది. 1866లో 9వ పయస్ పోపుగారి మాట మీద రెడెంప్టరిస్టు అనే మఠసభ గురువులు అక్కడ పెట్టారు. గీసిన తీరు మాత్రం తూర్పు దేశాల క్రైస్తవ సంఘాలది, బైజాంటైన్ పద్ధతి అంటారు. అందుకే వెనకాల కొండలూ చెట్లూ ఏమీ ఉండవు, అంతా బంగారు రంగే. అది పరలోకం.

ఇప్పుడు బాలయేసును చూడండి. అమ్మ చంకలో ఉండి కూడా అమ్మ ముఖం చూడట్లేదు, మెడ తిప్పి అటు చూస్తున్నాడు. అటేముంది? గబ్రియేలు దూత, చేతిలో సిలువ, మేకులు. ఇటుపక్క మిఖాయేలు దగ్గర ఈటె, రెల్లుకు గుచ్చిన స్పంజి, పులిసిన ద్రాక్షరసం గిన్నె. చంటిపిల్లాడికి కల్వరి సామాన్లన్నీ, అంటే రేపు తనను సిలువ వేసే కొండ మీది సామాన్లన్నీ, ముందే చూపిస్తున్నారన్నమాట! పైగా దూతలు వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోలేదు, గౌరవంగా బట్టతో పట్టుకున్నారు.

పిల్లాడు బెదిరిపోయి రెండు చేతులతో అమ్మ చెయ్యి పట్టేసుకున్నాడు. ఎంత కంగారుగా వచ్చాడో కింద చూస్తే తెలుస్తుంది, ఒక కాలి చెప్పు ఊడి పట్టీకి వేలాడుతోంది. బైబిల్లో రూతు గ్రంథం 4వ అధ్యాయంలో పొలం విడిపించే ఒప్పందానికి చెప్పు తీసి ఇస్తారు కదా, ఇదీ అలాంటి విమోచన గుర్తేనని చెప్పేవాళ్లూ ఉన్నారు. కావచ్చు. నాకైతే మొదటి అర్థమే నచ్చుతుంది, భయపడ్డ పిల్లాడు చెప్పులు చూసుకుంటాడా?

ఇక్కడే నాకు కొన్ని క్యాలెండర్ల మీద కోపం. ముఖాలు పెద్దగా కనిపించాలని చుట్టూ కోసేస్తారు. దూతలు పోతారు, చెప్పు పోతుంది, కథంతా అంచుల్లోనే ఉందాయె!

మరియమ్మ నుదుటి మీద నక్షత్రం ఏమిటని అడుగుతుంటారు. ఓడలకు దారి చూపే సముద్రతార అని ఆమెకు పాతకాలం నుంచీ ఉన్న బిరుదు. నన్ను ఆపేది మాత్రం ఆమె కళ్లు. బిడ్డ అంత భయపడుతుంటే ఆమె మన వైపు చూస్తోంది. చెయ్యి కూడా బిగించి పట్టుకోలేదు, వేళ్లు బిడ్డ వైపే చాచి ఉన్నాయి. మనం కోరికల చీటీలు ఆమె ముందు పెడతాం, ఆమె చూపించేది కొడుకుని.