కరివేపాకు మీద పిట్టరెట్ట

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ పటమటలో మా ఇంటి మేడ మీద, కుండీలో ఒక కరివేపాకు మొక్క ఉంది. వానలు మొదలయ్యాక దాని లేత ఆకుల మీద పిట్టరెట్ట పడినట్టు కనిపిస్తుంది. పుల్లతో తీసెయ్యబోతే రెట్ట కదులుతుంది! అది గొంగళిపురుగు. పిట్టల కంట పడకుండా వాటి రెట్ట వేషమే వేసుకుంది. ఇంకొన్నాళ్లకు ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది.

"పురుగు పట్టింది, మందు కొట్టించండి" అంటారు పక్కింటి పిన్నిగారు. "పప్పులోకి బజారులో కొనుక్కుంటాను లెండి" అంటాను. నలుపు మీద లేత పసుపు మచ్చలతో ఎగిరే నిమ్మ సీతాకోకచిలుక ఈ పురుగే కదా. దానికి రెక్కలు రావడానికి నెల రోజులు ఓపిక పట్టాలి, అంతే.

సీతాకోకచిలుకల కోసమని నర్సరీ నుంచి రంగురంగుల పూలమొక్కలు తెచ్చుకుంటాం. తేనె రకరకాల పువ్వుల్లో తాగుతాయి. గుడ్లు మాత్రం పిల్ల తినగలిగే మొక్క మీదే పెడతాయి. నిమ్మ, కరివేపాకు ఒకదానికి. రేల, తంగేడు ఇంకొకదానికి. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకునే పురుగు ఒకటుంది. అది నారింజరంగు రెక్కలతో తీరుబడిగా ఎగురుతుంటే పిట్టలు జోలికి పోవు. రథసప్తమికి జిల్లేడు ఆకులు తల మీద పెట్టుకుని స్నానం చేస్తాం, మర్నాడే గోడవారన మొలిచిన జిల్లేడును పీకి పారేస్తాం!

పురుగులతో మనకెంత పనో గుంటూరు వైపు కూరగాయలు పండించేవారికి నేను చెప్పనక్కరలేదు. బీర, సొర, కాకర పాదులకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. పుప్పొడి మోసే పురుగు రాకపోతే పిందె రాలిపోతుంది. వంగపువ్వును తుమ్మెద పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిలిస్తే తప్ప పుప్పొడి సరిగా రాలదు. ఎండిన వెదురుముక్క ఒకటి తోటలో వదిలేస్తే, అదే తుమ్మెదకు ఇల్లు.

ఇక లెక్క గురించి. బ్రిటన్‌లో 1976 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు సీతాకోకచిలుకలను లెక్కపెడుతున్నారు. పద్ధతి తేలిక. వారానికోసారి ఒకే దారిలో నడవాలి. ఎదుట అయిదు మీటర్లు, పక్కలకు రెండున్నర మీటర్లలోపు కనిపించినవే రాసుకోవాలి. మన దేశంలోనూ 2020 నుంచి సెప్టెంబరును సీతాకోకచిలుకల నెలగా జరుపుకుంటున్నారు. కొండపల్లి అడవిదాకా వెళ్లలేనివారికి కాలవగట్టు చాలు.

నేను ఏలూరు కాలవ గట్టున నడుస్తాను. అక్కడ గడ్డిచామంతి ఉంది. అది మన దేశపు మొక్క కాదు, అయినా దాని చుట్టూ ఎప్పుడూ సందడే. గట్టు శుభ్రం చేసిన వారం నా పుస్తకంలో సున్నా పడింది. ఏమీ కనిపించలేదని ఆ వారం రాయకుండా ఊరుకుందామనుకున్నాను. మే నెల ఎండల్లో వచ్చిన సున్నా పక్కన ఈ సున్నా కూడా ఉంటేనే, ఏది ఎండ వల్లో, ఏది కొడవలి వల్లో తేలుతుంది. రాశాను.